కదలెడి బొమ్మలు - కనుమరుగైన ప్రాణులు

తోలుబొమ్మలాట మన పల్లెల పెద్దలకు క్రొత్తది కాదు. మేకతోలును పలుచగా గీకి, రంగులు వేసి, దీపపు వెలుగున ఆడించినచో, తెరపై మారీచుని బంగారులేడి చెంగున దుముకును. ప్రాణము పోయిన చర్మమునకు ఆటగాడు చలనము నిచ్చుచున్నాడు. నశించిన జంతువులను తెరపై నడిపించు యానిమేషన్ విద్య ఈ ఆటకు దగ్గరి చుట్టమే.

సినిమా తెరపై సెకనుకు 24 చిత్రములు గడచును. ఒక్కొక్క దానిలో కొంచెము మార్పు చేసి గీచినచో మన కన్ను దానిని కదలికగా గ్రహించును. 1914లో అమెరికా చిత్రకారుడు విన్సర్ మెక్కే వేలకొలది బొమ్మలు చేతితో గీచి, ‘గెర్టీ’ అను డైనోసారును నడిపించెను. అయితే ఆ నడక చిత్రకారుని ఊహ. మన గోదావరి లోయలో, యామన్‌పల్లి వద్ద దొరకిన కోటసారస్ ఎముకల గూడు హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రమున నిలిచియున్నది. ఎముకలు జంతువు పరిమాణమును చెప్పును; దాని అరుపును చెప్పజాలవు.

కలివికోడి కథ వేరు. 19వ శతాబ్ది నడుమ జెర్డన్ అను ఆంగ్ల వైద్యుడు శాస్త్రలోకమునకు తెలిపిన ఈ పక్షి, 1900 తరువాత ఎవరికిని కానరాలేదు. అంతరించినదనియే తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతమున అది మరల దొరకెను. పట్టుబడిన ఆ పక్షి మాత్రము కొలదికాలమునకే మరణించెను. రాత్రివేళ పొదలనడుమ తిరుగు పక్షి కనుక, పరిశోధకులు నేలపై మెత్తని మన్ను పరచి దాని అడుగుజాడలను వెదకిరి. కూతను ధ్వనిముద్రణ చేసి, సంధ్యవేళ వినిపించి బదులుకూతకై చెవియొగ్గిరి.

ఇట్టి కథకు ఇసుక యానిమేషన్ మిక్కిలి తగును. వెలుగుగల గాజుపలకపై ఇసుకతో బొమ్మ దిద్ది, ఫొటో తీసి, దానిని చెరపి తరువాతి బొమ్మ దిద్దుదురు. కెరొలిన్ లీఫ్ అను విద్యార్థిని ఇట్లు చిత్రము తీసినది. ముందటి బొమ్మ చెరిగినగాని తరువాతి బొమ్మ పుట్టదు. అడుగుజాడలనుండి కలివికోడి అంగల కొలతను, ధ్వనిముద్రణనుండి కూత లయను గ్రహింపవచ్చును. మధ్యనున్న 86 సంవత్సరములను వట్టి ఇసుకగా చూపవచ్చును. ఆధారము లేనిచోట గీత గీయకుండుటయు సత్యమును చెప్పుటయే.

తెరపై పునర్జన్మ అడవిలో పునర్జన్మ కాదని మాత్రము మరువరాదు. మన దేశమున చీతా అంతరించినదని 1952లో ప్రకటించిరి. 2022 సెప్టెంబరులో కూనో అడవిలో విడిచినవి నమీబియానుండి తెచ్చిన ఆఫ్రికా చీతాలు. మన పాత చీతాల సంతతి కావు.

ఘంటసాలకు దిగువన, కృష్ణానది సముద్రమును చేరుచోట, మడ అడవులలో బావురుపిల్లి నేటికిని రాత్రులందు చేపలు పట్టుచున్నది. దాని నడకను, ఈతను, అరుపును బ్రతికియుండగనే భద్రపరచినచో రేపటి చిత్రకారుడు ఊహపై ఆధారపడనక్కరలేదు. ఆ మడచెట్లనే కాపాడుకొన్నచో, మన మనుమలు ఆ పిల్లిని తెరపై గాక కాలువగట్టుననే చూడగలరు.