మైసూరులో రెండు దినాలు

హోసూరు, కోలారు ప్రాంతాల మన కుటుంబాలు మైసూరుకు బయలుదేరేటప్పుడు చూడవలసిన స్థలాల పేర్లు రాసుకుంటాయి. వాటికన్నా ముందు చూసుకోవలసినవి వారమూ, వేళా. జంతుప్రదర్శనశాలకు మంగళవారం సెలవు; ఆ దినం పిల్లలతో వెళితే ద్వారం నుండే వెనుదిరగాలి. రాజప్రాసాదపు దీపాలంకరణ ఆదివారాలలోనూ, ప్రభుత్వ సెలవు దినాలలోనూ రాత్రి 7 గంటల వేళ ఉంటుంది. కనుక శనివారం రాత్రికి చేరుకోవడం ఉత్తమం.

ఆదివారం ఎండ ముదరకముందే చాముండి కొండకు వెళ్లాలి. వెయ్యి మెట్లున్నాయి, పెద్దవారికి బస్సే మేలు. తిరుగుదారిలో జంతుశాల. అక్కడ నడక ఎక్కువ గనుక మధ్యాహ్నం విశ్రాంతి తప్పనిసరి. పాత కొయ్య భవనం 1897లో కాలిపోగా 1912లో పూర్తయిన రాజప్రాసాదానికి 4 గంటలకైనా చేరితే, సాయంత్రం 5.30కు మూసేలోగా లోపల చూసి, దీపాలకై బయట వేచి ఉండవచ్చు. చందనపు సబ్బుల కొనుగోలుకు వేరొక పూట కేటాయించనక్కరలేదు.

సోమవారం ఉదయం శ్రీరంగపట్నం. రంగనాథుని ఆలయం మధ్యాహ్నం మూసివేస్తారు గనుక ముందు దర్శనం, ఆపైన కోట. బృందావనంలో దీపాల ఫౌంటెన్లు చీకటిపడ్డాకనే; పగలు వెళ్లి ప్రయోజనం స్వల్పం.

దసరా దినాలలో ప్రాసాదదీపాలు ప్రతి సాయంకాలమూ వెలుగుతాయి గాని, బస ముందే కుదుర్చుకోనివారు అప్పుడు వెళ్లకపోవడమే మంచిది.