సముద్రం తప్పుకున్న వేళ పగడాల మీద నడక
నరారా దీవి యాత్రకు పంచాంగం, ఆటుపోట్ల పట్టిక రెండూ ఎందుకు చూడాలి?

సూరత్‌లోని భేస్తాన్, పాండేసరా, ఉధ్నా, లింబాయత్ ప్రాంతాల్లో తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. సెలవు దొరికితే వీరిలో చాలామంది పిల్లలతో డుమస్ తీరానికి వెళ్తారు. అక్కడ సముద్రం ఒకసారి గట్టు దాకా ఉంటుంది. మరోసారి చూస్తే బురద మైదానాన్ని వదిలి దూరంగా జరిగిపోయి ఉంటుంది. గుజరాతీలు దీన్నే ‘భర్తీ’, ‘ఓట్’ అంటారు. మన మాటల్లో పోటు, ఆటు.

ఇదే ఆటు సమయంలో, అదే రాష్ట్రంలో, సముద్రపు అడుగున బతికే జీవులను నడుచుకుంటూ వెళ్లి చూడవచ్చు. జామ్‌నగర్‌కు సుమారు 60 కి.మీ. దూరంలో, వాడినార్ సమీపంలో ఉన్న నరారా అందుకు పేరు పొందింది. సూరత్ మీదుగా ఓఖా వెళ్లే సౌరాష్ట్ర మెయిల్ జామ్‌నగర్‌లో ఆగుతుంది. లక్షద్వీప్ ఓడ యాత్రల్లో పగడాలు చూడాలంటే గాజు అడుగున్న పడవ ఎక్కాలి, లేదా నీటిలో దిగాలి. నరారాలో ఆ అవసరం లేదు. నీరే తప్పుకుంటుంది.

కచ్ సింధుశాఖలోని ఈ ప్రాంతాన్ని 1980లో అభయారణ్యంగా, 1982లో సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. దేశంలో ఈ తరహా ఉద్యానవనాల్లో ఇదే మొదటిది. ఇందులో 42 దీవులున్నాయి. ప్రవేశానికి అటవీ శాఖ అనుమతి, వెంట స్థానిక గైడ్ ఉండాలి. పిరోటన్ దీవికి వెళ్లే పడవలు పోటు మీదే బయలుదేరి, మళ్లీ పోటు వచ్చాకే తిరిగివస్తాయి.

తేడా ఎందుకింత?

చంద్రుడి ఆకర్షణ భూమి మీద అన్నిచోట్లా ఒకేలా ఉండదు. చంద్రుడివైపు ఉన్న నీటిపై ఎక్కువగా, అవతలివైపు నీటిపై తక్కువగా పనిచేస్తుంది. ఈ తేడా వల్ల సముద్రం రెండు వైపులా ఉబ్బుతుంది. భూమి తిరుగుతుంటే ఒకే తీరానికి రోజులో దాదాపు రెండుసార్లు పోటు వస్తుంది. రెండు పోట్ల మధ్య వ్యవధి సుమారు 12 గంటల 25 నిమిషాలు.

నడి సముద్రంలో ఈ ఉబ్బు మీటరులోపే. తీరం ఆకారమే దాన్ని పెంచుతుంది. కచ్ సింధుశాఖ ముఖద్వారం వెడల్పు, లోపల ఇరుకు, లోతు తక్కువ. లోపలికి చొచ్చుకొచ్చిన నీటికి పైకి లేవడం తప్ప దారి ఉండదు. అందుకే పెద్ద పోటు రోజుల్లో ఓఖా దగ్గర సుమారు 3 మీటర్లున్న తేడా, లోపలున్న కాండ్లాకు వచ్చేసరికి సుమారు 6 మీటర్లవుతుంది. ఖంభాత్ సింధుశాఖలో భావ్‌నగర్ వద్ద ఇది 10 మీటర్ల దాకా ఉంటుంది. విశాఖపట్నంలో మాత్రం మీటరున్నర ప్రాంతమే.

తిథికి రెండు ఘడియలు

సూర్యుడూ నీటిని లాగుతాడు. ఆ ప్రభావం చంద్రుడి ప్రభావంలో సగానికి కొంచెం తక్కువ. పున్నమికి, అమావాస్యకు సూర్యుడు, భూమి, చంద్రుడు దాదాపు ఒకే వరుసలోకి వస్తారు. రెండు ప్రభావాలూ కలుస్తాయి. ఆ తిథుల్లో, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో పోటు ఎక్కువగా పొంగుతుంది, ఆటు ఎక్కువగా తగ్గుతుంది. అష్టమి ప్రాంతంలో తేడా బాగా తగ్గిపోతుంది. నరారాకు అష్టమి నాడు వెళ్తే చూడదగిన భాగం చాలావరకు నీటి కిందే ఉండిపోవచ్చు.

ఆటు సమయం కూడా రోజురోజుకూ జరుగుతుంది. 30 తిథుల్లో ఈ జరుగుడు 24 గంటల చక్రాన్ని పూర్తి చేస్తుంది. అంటే సగటున తిథికి 48 నిమిషాలు. ఘడియ అంటే 24 నిమిషాలు కాబట్టి లెక్క సులువే: తిథికి రెండు ఘడియలు ఆలస్యం. ఒక తీరంలో పున్నమి నాటి ఆటు వేళ తెలిస్తే మిగతా రోజులది స్థూలంగా అంచనా వేయవచ్చు. అయితే ప్రయాణానికి ఈ అంచనా చాలదు. సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించే ఆటుపోట్ల పట్టికలు, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సమాచారం చూసుకోవాలి.

గైడ్ తొందరపెడితే వినాలి

పిల్లలు ఆక్టోపస్‌ను చూస్తూ నిలబడిపోతారు. గైడ్ మాత్రం వెనక్కి పదమంటాడు. దానికి కారణముంది. నీరు ఒకే వేగంతో పెరగదు. నావికులు వాడే స్థూల సూత్రం ప్రకారం, పోటు ఎక్కే 6 గంటల్లో మొదటి గంటలో మొత్తం పెరుగుదలలో 12వ వంతు వస్తుంది. రెండో గంటలో 2 వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు, ఐదో గంటలో 2, ఆరో గంటలో 1 వంతు.

మొత్తం పెరుగుదల 5 మీటర్లు అనుకుందాం. మొదటి గంటలో నీరు 40 సెంటీమీటర్లే లేస్తుంది. ‘ఇంకా చాలా సమయం ఉంది’ అనిపిస్తుంది. మూడో గంటలో ఏకంగా మీటరుంపావు లేస్తుంది. నేల వాలు 500 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఉంటే, ఆ ఒక్క గంటలోనే నీటి అంచు 600 మీటర్లకు పైగా ముందుకొస్తుంది. పైగా పల్లపు కాలువలు ముందుగా నిండుతాయి. ముందు నేల పొడిగా కనిపిస్తున్నా వెనుక దారి మూసుకుపోవచ్చు. అందుకే ఆటు పూర్తి కావడానికి ముందే లోపలికి వెళ్లి, నీరు తిరిగే సమయానికి వెనుదిరగాలి.

అడుగు కింద ఏముంది?

గుంటల్లో నిలిచిన నీటిలో పీతలు, సముద్ర దోసకాయలు, నక్షత్ర చేపలు, బెదిరితే నీరు మింగి బంతిలా ఉబ్బే పఫర్ చేపలు కనిపిస్తాయి. రాయిలా కనిపించే పగడం నిజానికి వేల చిన్న జీవుల కాపురం. ఒక్కో జీవి సాధారణంగా కొన్ని మిల్లీమీటర్లే. వాటి కణజాలంలో ఉండే సూక్ష్మ శైవలాలు ఎండతో ఆహారం తయారు చేసి పగడానికి పెడతాయి. నీరు మరీ వేడెక్కితే పగడం వాటిని బయటికి పంపేసి తెల్లబడుతుంది. ఇలాంటి ముప్పుపై ఇన్‌కాయిస్ ముందస్తు హెచ్చరికలు ఇస్తోంది.

గుండ్రటి పగడాలు చాలావరకు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూఇటుగా పెరుగుతాయి. మనిషి తలంత పగడానికి పదేళ్లకు పైనే పట్టవచ్చు. ఒక్క చెప్పు అడుగు దాన్ని విరిచేయగలదు. చేత్తో తాకినా పైనున్న రక్షక జిగురు పొర చెదురుతుంది. ఫొటో కోసం పఫర్ చేపను పైకెత్తితే దానికి ప్రాణ సంకటమే. పగడాలు, సముద్ర దోసకాయలు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఒక పగడపు ముక్క జేబులో వేసుకున్నా నేరమే.

కచ్ సింధుశాఖ నుంచి కొమ్మల పగడం అక్రోపోరా ఎప్పుడో కనుమరుగైంది. పగడాలను తిరిగి పెంచేందుకు 2020లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీ శాఖ కలిసి మిఠాపూర్ వద్ద బయోరాక్ పద్ధతిని ప్రయోగించాయి. నీట ముంచిన ఉక్కు చట్రానికి సౌర ఫలకాల నుంచి తక్కువ వోల్టేజి విద్యుత్తు ఇస్తారు. సముద్రపు నీటిలోని ఖనిజాలు సున్నపు పొరగా దానిపై పేరుకుంటాయి. ఆ పునాదిపై పగడపు ముక్కలు అమర్చి పెంచుతారు.

కుటుంబంతో వెళ్లేవారికి

• ఎండ తక్కువగా ఉండే శీతకాలం అనుకూలం. పున్నమి, అమావాస్య ప్రాంతంలో పగటిపూట ఆటు వచ్చే రోజు ఎంచుకోండి.
• పట్టు ఉన్న పాత బూట్లు వేసుకోండి. చెప్పులు బురదలో నిలవవు.
• గైడ్ అడుగుజాడల్లోనే, ఇసుక మీదే నడవండి. చిన్నపిల్లల చేయి వదలకండి.
• ఏ జీవినీ తాకవద్దు, ఎత్తి చూపమని గైడ్‌ను అడగవద్దు. గుంట పక్కన కదలకుండా రెండు నిమిషాలు నిలబడితే దాక్కున్నవి వాటంతట అవే బయటికి వస్తాయి.