పెద్దవారి మందుల సంచిని ఒక్కసారి విప్పి చూద్దాం

శుక్రవారం ఉపవాస ప్రార్థన జరుగుతోంది. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దమ్మ ఉన్నట్టుండి పక్కకు ఒరిగిపోయారు. ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. వడదెబ్బ అన్నారు కొందరు, ఉపవాసం వల్ల నీరసం అన్నారు మరికొందరు. వెనక కూర్చున్న నర్సమ్మ మాత్రం షుగరు పడిపోయిందని గుర్తుపట్టి, మెల్లగా గ్లూకోజు నీళ్లు తాగించారు. కాసేపటికి ఆమె తేరుకున్నారు.

మర్నాడు కుమారుడు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని, తెలిసిన ఫార్మసిస్టు దగ్గరికి వెళ్లాడు. ఆయన ఒక్కొక్కటే తీసి చూసి, రెండు స్ట్రిప్పులను పక్కపక్కన పెట్టారు. రెండింటి పేర్లు వేరు, కంపెనీలు వేరు. లోపలున్న మందు మాత్రం ఒక్కటే: గ్లిమెపిరైడ్. ఒకటి ఊళ్లో డాక్టరు రాసింది, రెండోది పట్టణంలో ఆసుపత్రివాళ్లు రాసింది. ఆ పెద్దమ్మ ఉదయాన్నే రెండూ వేసుకుని, ఏమీ తినకుండా ప్రార్థనకు వచ్చారు.

ప్రియ చదువరులారా, ఈ సంగతిలో ఎవరినీ నిందించాలని మేము దీనిని రాయడం లేదు. ఊళ్లో డాక్టరు తన చీటీ తాను రాశారు, ఆసుపత్రి డాక్టరు తన చీటీ తాను రాశారు. ఆమె ఇద్దరి మాటా విన్నారు. అయితే ఆ మందులన్నిటినీ ఒకేచోట పెట్టి చూసినవారు ఎవరూ లేరు. మన ఇళ్లలో పెద్దవారికి పొంచి ఉన్న అపాయం ఇదే.

గుండెకు ఒక డాక్టరు, షుగరుకు ఒకరు, మోకాళ్లకు మరొకరు. చూస్తుండగానే రోజుకు ఐదారు రకాల మాత్రలవుతాయి. ఐదు, అంతకన్నా ఎక్కువ మందులు క్రమంగా వాడుతున్నవారి విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరమని వైద్యులు చెబుతారు. వయసు పెరిగేకొద్దీ మూత్రపిండాలు, కాలేయం నెమ్మదిస్తాయి. నలభై ఏళ్ల వయసులో సరిపోయిన మోతాదే డెబ్బై ఐదేళ్లకు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోవచ్చు.

చిక్కులు ఎన్ని విధాలుగా వస్తాయో చూడండి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవారిలో కొందరికి పాదాలు వాస్తాయి. అది ఆ మాత్ర వల్లనే అని తెలియకపోతే, వాపు తగ్గడానికి మూత్రం జారీ అయ్యే మాత్ర తోడవుతుంది. దానితో రాత్రిళ్లు పదేపదే లేవాలి. చీకట్లో బాత్రూముకు వెళ్తూ కాలు జారితే తుంటి ఎముక విరుగుతుంది. ఒక మందు చేసిన ఇబ్బందికి ఇంకో మందు వేయడం అంటే ఇదే.

మోకాళ్ల నొప్పికని చీటీ లేకుండా కొనుక్కునే డైక్లోఫినాక్ వంటి మాత్రల సంగతీ అంతే. బీపీ మాత్ర, మూత్రం జారీ చేసే మాత్ర వాడుతున్న పెద్దవారికి ఇవి కూడా తోడైతే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. రక్తం పలుచబడే మందు వాడేవారికైతే కడుపులో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. జలుబు బిళ్లల్లో చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది. జ్వరానికి వేరే పారాసిటమాల్ వేసుకుంటే తెలియకుండానే మోతాదు పెరిగిపోతుంది. థైరాయిడ్ మాత్రను పరగడుపున వేసుకోవాలి. దానికీ కాల్షియం, ఐరన్ మాత్రలకూ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. మూడూ కలిపి మింగితే థైరాయిడ్ మందు సరిగా ఒంటికి పట్టదు.

ఇవన్నీ చూసి చెప్పగలిగిన మనిషి మనకు దగ్గరలోనే ఉన్నారు. ఫార్మసిస్టు అంటే మందులు లెక్కపెట్టి కవరులో వేసి ఇచ్చేవారు మాత్రమే అనుకుంటాం. కానీ మన దేశంలో 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనల ప్రకారం, మందు ఎలా వాడాలో, ఏ జాగ్రత్త తీసుకోవాలో రోగికి వివరించడం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు బాధ్యత. 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్-డి చదువు ముఖ్యంగా ఇలాంటి పనికోసమే. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ చదువు చదివిన యువతీయువకులు చాలామంది ఉన్నారు.

అయితే కౌంటరు దగ్గర నిలబడిన ప్రతివారూ ఫార్మసిస్టు కారు. "ఫార్మసిస్టుగారు ఉన్నారా? ఒకసారి మాట్లాడాలి" అని అడగడానికి మొహమాటపడవద్దు. సాయంత్రం రద్దీలో కాకుండా, షాపులో జనం తక్కువగా ఉండే వేళ వెళ్లండి.

వెళ్లేటప్పుడు అన్నీ తీసుకువెళ్లండి. డాక్టరు రాసినవే కాదు, కంటి చుక్కలు, ఇన్సులిన్, బలానికని వాడే టానిక్కులు, ఆయుర్వేదం మందులు, పక్కింటివారు ఇచ్చిన నొప్పి బిళ్లలు కూడా ఆ సంచిలో ఉండాలి. ఒకే మందు రెండు పేర్లతో ఉందా? ఒకదానితో ఒకటి పడనివి ఉన్నాయా? ఏది తిన్నాక, ఏది తినకముందు వేసుకోవాలి? ఏ మాత్రను నలపకూడదు, విరవకూడదు? గడువు దాటినవి ఏవి? ఈ ఐదు ప్రశ్నలు అడిగితే చాలు. జవాబులను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించుకోండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందుగా ఆ కాగితమే చూపించండి.

ఒక హెచ్చరిక. ఫార్మసిస్టు చిక్కును కనిపెట్టి చెబుతారు. మందు మార్చవలసింది, ఆపవలసింది డాక్టరే. ఈ వ్యాసం చదివి ఎవరూ తమంతట తాము మాత్రలు మానవద్దు. గుండెకు వాడే అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటివి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. ప్రార్థన చేయించుకున్నాం, ఇక మందు అక్కరలేదని చెప్పేవారి మాటకు తొందరపడకండి. ఉపవాసం ఉండదలచిన షుగరు రోగులు ఆ రోజు మాత్ర వేసుకోవాలా, ఎంత వేసుకోవాలి అన్నది ముందే డాక్టరును అడగాలి. మాత్ర వేసుకుని పస్తు ఉండడం ఎంత ప్రమాదమో పైన చూశాం.

ఇక సంఘాలకు ఒక మనవి. మీ సంఘంలో ఫార్మసిస్టులు ఉంటారు. ఒక ఆదివారం ఆరాధన తరువాత రెండు గంటలు వారిని కూర్చోమనండి. పెద్దవారిని మందుల సంచితో రమ్మనండి. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే ఏర్పాటు చేయండి. ఎవరి జబ్బు ఏమిటో పదిమందిలో తెలియకూడదు. పిల్లలు దూరదేశంలో ఉండి ఒంటరిగా బ్రతుకుతున్నవారికి, చూపు తగ్గినవారికి, చదువు రానివారికి ఇది మొదట అందాలి. అటువంటివారికి వారంలో ఒకసారి ఏడు రోజుల మాత్రల డబ్బా నింపిపెట్టే పనిని యౌవనస్థులు తీసుకోవచ్చు. డబ్బా నింపేముందు ఆ జాబితాను ఫార్మసిస్టు చూసి ఉండాలి.

ఆ పెద్దమ్మకు డాక్టరు ఇప్పుడు ఒక్క గ్లిమెపిరైడే ఉంచారు. ఆమె శుక్రవారం ప్రార్థనకు ఇప్పటికీ వస్తున్నారు, ఉదయం రెండు ఇడ్లీలు తిని. మీ ఇంట్లో అమ్మ, నాన్న, అత్తగారు, తాతయ్య వాడే మందులు ఎన్నో, ఏవో మీకు తెలుసా? ఈ వారం ఆ సంచిని విప్పి చూడండి.