పదో వంతు సెకను పెత్తనం

2024 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగును మహిళల్లో జూలియన్ ఆల్ఫ్రెడ్ 10.72 సెకన్లలో, పురుషుల్లో నోవా లైల్స్ 9.79 సెకన్లలో గెలిచారు. 2004లో ఆండ్రూ టేటమ్, ఆయన సహచరులు ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన లెక్క ప్రకారం ఈ సమయాలు సుమారు 10.30, 9.55 సెకన్లు కావలసింది; ప్రపంచ రికార్డులే 10.49, 9.58 సెకన్ల దగ్గర నిలిచి ఉండగా, లెక్క వాటినీ దాటి పరుగెత్తింది. పైగా 2156లో మహిళా విజేత 8.079 సెకన్లతో, 8.098 సెకన్ల పురుష విజేతను మించిపోతుందని కూడా ఆ వ్యాసం జోస్యం చెప్పింది.

దీనికి ఆధారం సరళరేఖా ప్రతిగమనం. సంవత్సరాలను అడ్డంగా, గెలుపు సమయాలను నిలువుగా చుక్కలతో గుర్తించి, ప్రతి చుక్కకూ గీతకూ మధ్య ఉన్న నిలువు దూరాల వర్గాల మొత్తం అతి తక్కువగా ఉండేలా ఒక గీత గీయడమే ఈ పద్ధతి. దీన్ని లెజాండ్ర్ 1805లో ప్రచురించగా, తాను 1795 నుంచే వాడుతున్నానని గౌస్ అనడంతో రేగిన తగవు వేరే కథ.

అసలు చమత్కారమంతా గీత వాలులో ఉంది. సంవత్సరాల సగటు, సమయాల సగటు కలిసే బిందువు గుండానే గీత ఎప్పుడూ పోతుంది కనుక, ఆ బిందువు ఏతానికి ఇరుసు వంటిది. ఏతం మాను మీద నడిచే మనిషి ఇరుసుకు దూరంగా జరిగేకొద్దీ మాను సులువుగా వంగినట్లే, సగటు సంవత్సరానికి దూరంగా ఉన్న చుక్కకు వాలుపై పట్టు పెరుగుతుంది. 1928 నుంచి 2004 వరకు మహిళల పరుగు జరిగిన 18 ఒలింపిక్స్‌ల సగటు 1968, 1969ల నడుమ పడుతుంది. అందువల్ల 1972 నాటి కొలతలోని తప్పు కంటే 1928 నాటి అంతే తప్పు వాలును 12 రెట్లు ఎక్కువగా కదుపుతుంది. ఆ 1928 చుక్క, ఆమ్‌స్టర్‌డామ్‌లో చేతి స్టాప్‌వాచీలతో కొలిచి బెట్టీ రాబిన్సన్ పేరిట రాసిన 12.2 సెకన్లు. అక్కడెవరో బొత్తాన్ని కాస్త ముందుగా నొక్కి 12.1 అని రాసి ఉంటే, 228 ఏళ్ల తర్వాతి మహిళల అంచనా సుమారు 0.08 సెకను పెరుగుతుంది. జోస్యంలోని ఆధిక్యం 0.019 సెకను మాత్రమే కనుక, 2156లో పురుషులే మళ్ళీ ముందుంటారు.

చుక్కలు ఉన్న మేర దాటి గీతను పొడిగించడాన్ని బహిర్వేశనం అంటారు. దీన్ని నమ్మి చెడినవారిలో టేటమ్ బృందం మొదటిది కాదు. మారథాన్ రికార్డుల్లో మహిళలు 1998కల్లా పురుషులను అందుకుంటారని విప్, వార్డ్ 1992లో అదే పత్రికలో రాయగా, 1998 ముగిసేసరికి ఆ రెండు రికార్డుల మధ్య 14 నిమిషాలకు పైగా తేడా మిగిలే ఉంది. ఇక 2004 నాటి వ్యాసానికి కెనెత్ రైస్ ఇచ్చిన జవాబు మరీ ముచ్చటైనది: అదే గీతను పట్టుకుపోతే 2636 ప్రాంతంలో పరుగు మొదలుకాకముందే ముగియాలి, అంటే గెలుపు సమయం సున్న కంటే తక్కువ కావాలి.

దగ్గరి భవిష్యత్తుకు మాత్రం గీత అంత చెడ్డది కాదు. 2008కి అది పురుషులకు 9.73 సెకన్లు, అటూ ఇటూ 0.144 అని చెప్పగా, బోల్ట్ 9.69లో ముగించాడు. అయితే శిక్షకులకు ఇది ఏపాటి ఆసరా? పారిస్ పురుషుల తుది పోటీలో మొదటివాడికీ ఎనిమిదోవాడికీ మధ్య తేడా 0.12 సెకను; అటూ ఇటూ 0.144 అనే గీత వెసులుబాటు కంటే ఆ తేడాయే చిన్నది.