టకటకలాడే కీబోర్డు

పాఠకులలో అరవై దాటినవారికి టైపు ఇన్‌స్టిట్యూటు జ్ఞాపకముండే వుంటుంది. పదిహేనిరవై మిషన్లు ఒక్కసారిగా మోగుతూ వుంటే వీధి చివరికి వినిపించేది. జూనియరు, సీనియరు పరీక్షలు ప్యాసైతే గుమాస్తా వుద్యోగానికి ఢోకా లేదని పెద్దలు మనల్ని అక్కడికి తోలేవారు. ఆ చప్పుడు వినబడక చాలకాలమైంది. యిప్పటి కంప్యూటరు కీబోర్డుల మీద వేళ్ళాడిస్తే మెత్తని బూరెను నొక్కినట్లుంటుంది. అక్షరం పడిందో లేదో తెరవైపు చూస్తేగాని తెలియదు.

ఆరేళ్ళ క్రిందట బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో, పాత సామాన్ల కొట్టులో మాకొక కీబోర్డు కనబడింది. చేతిలోకి తీసుకొంటే రెండు కిలోలకు పైమాటే. ఒక మీట నొక్కి చూశాం. వేలి క్రింద పుల్ల విరిగినట్లు 'టక్'మన్నది. మరి బేరమాడలేదు. వెనుక అంటించిన చీటీ మీద ఐ.బి.యం. వారి పేరూ, 1989 నాటి తేదీ వున్నవి. ఆ కంపెనీవారు 1978లో మన దేశం విడిచి వెళ్ళి 1992లో గాని తిరిగి రాలేదు. మధ్యకాలంలో తయారైన యీ వస్తువు ఏ దారిన యిక్కడికి చేరిందో దానికే తెలియాలి.

దీనిలోని కిటుకు చాల చిన్నది. పిల్లల స్కేలును రెండు అరచేతుల మధ్య నిలువుగా పెట్టి నొక్కండి. కొంతసేపు నిటారుగా ఓర్చుకొంటుంది, ఉన్నట్టుండి విల్లులా పక్కకు వంగిపోతుంది. యీ కీబోర్డులో ప్రతి మీట క్రిందా గొట్టంలో ఒక స్ప్రింగు వుంటుంది. మీట సుమారు 4 మిల్లీమీటర్లు దిగుతుంది. సగం దాటగానే స్ప్రింగు తట్టుకోలేక పక్కకు ఒరిగి గొట్టం గోడను కొడుతుంది. అదే 'టక్'. అదే క్షణంలో అడుగునున్న చిన్న లివరు వాలి అక్షరం పడుతుంది. చప్పుడూ, వేలికి తెలిసే తేడా, అక్షరమూ మూడూ ఒక్కచోటే జరుగుతాయన్నమాట. మామూలు కీబోర్డులలో రబ్బరు బుడిపెను అడుగంటా నొక్కవలసి వస్తుంది. యిక్కడ ఆ శ్రమ లేదు.

యీ వూహ ఐ.బి.యం. ఇంజనీరు రిచర్డ్ హారిస్‌ది. ఆయనకు 1972లో ఒకటి, 1978లో మరొకటి పేటెంట్లు వచ్చాయి. 1981 నాటి ఐ.బి.యం. పర్సనల్ కంప్యూటరుతో వచ్చినది 'మోడల్ ఎఫ్'. 1985 ప్రాంతాన దానికంటె చవుకగా తయారుచేసినది 'మోడల్ ఎం', అనగా మాది. దాని 101 మీటల అమరికనే యీనాటికీ లోకమంతా అనుసరిస్తున్నది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లెక్సింగ్‌టన్‌లో వీటిని చేసేవారు. 1991లో ఆ ఫ్యాక్టరీ లెక్స్‌మార్క్ అనే వేరే కంపెనీ అయింది. 1996లో వారు కీబోర్డుల పని మానుకోగా, అక్కడి వుద్యోగులే కొందరు పరికరాలు కొనుక్కొని యూనికాంప్ పేరుతో కొనసాగించారు. కొత్తది కావాలంటే నూరు డాలర్లు దాటుతుంది. ఓడకూలి, సుంకం వేరే.

తెలుగు టైపు చేసేవారికి యిందులో యింకొక సుఖం వుంది. ప్రభుత్వంవారి ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో 'స్త్రీ' అని కొట్టాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం మొత్తం ఆరు దెబ్బలు. ఒక్క పొల్లు పడకపోయిందా, అక్షరం ముక్కలై కూర్చుంటుంది. ప్రతి దెబ్బకూ వేలికి రశీదు ముట్టే కీబోర్డు మీద మా తప్పులు సగానికి సగం తగ్గాయి. మీటల మీది అక్షరాల రంగు ప్లాస్టిక్కులోకే యింకి వుంటుంది గనుక ముప్పై ఏళ్ళు దాటినా చెరగలేదు.

అయితే యీ రశీదు యిల్లంతటికీ ముట్టుతుంది. వచ్చిన చిక్కల్లా అదే.

సంఘం లెక్కలు, వుత్తరాలు రాత్రి భోజనాలయ్యాక వ్రాయడం మా అలవాటు. మొదట మా యింటావిడ, "ఏమండీ, పదకొండు గంటలప్పుడు యీ వడ్లు దంచడమేమిటి?" అన్నది. నవ్వి వూరుకున్నాం. కోడలు ఏమీ అనలేదు. ఒకనాటి వుదయం చూస్తే మనుమరాలి వుయ్యాల పక్కగదిలో లేదు, వంటింటి పక్కనున్న యిరుకు గదిలో వుంది. గాలి ఆడని గది అది. ఎవరు మార్చారని అడగడానికి నోరు రాలేదు. ఆ రాత్రినుంచి మాకూ రబ్బరు కీబోర్డే గతి అయింది. రెండు రోజులు ఆగి వుయ్యాలను మేమే పాత చోటికి తెచ్చాం. కోడలు చూసింది, అప్పుడూ ఏమీ అనలేదు.

మిగతా యిబ్బందులు చిల్లరవి. పాత ప్లగ్గు యిప్పటి కంప్యూటర్లకు సరిపడదు. మధ్యన పెట్టే అడాప్టరు నాసిదైతే, యీ పాత కీబోర్డు లాగే కరెంటు యివ్వలేదు. మేము రెండు పారవేసి మూడవది కొన్నాం. కొన్ని మీటలు మూడేసి ఒక్కసారి నొక్కితే మూడవది పలకదు. మనవళ్ళ ఆటలకు పనికిరాదని అర్థం.

అసలు లోపం లోపల వుంది. బయట అంత దిట్టంగా కనిపించే యీ వస్తువులో స్ప్రింగుల పలకనూ, అడుగు వుక్కు రేకునూ పట్టి వుంచేవి ప్లాస్టిక్కు రివెట్లు! ఏళ్ళు గడిచేకొద్దీ అవి పెళుసుబారి తలలు రాలిపోతాయి. కీబోర్డును వూపితే గలగలమంటుంది. కొన్నిచోట్ల మీట పదును తగ్గుతుంది. పాత మోడల్ ఎఫ్‌కు యీ రివెట్ల బాధ లేదు గాని, దాని పలకల నడుమ వుంచిన స్పాంజి పొడిపొడి అవుతుంది. చవుక చేయబోయి యెక్కడ పొదుపు చేశారో యీ రివెట్లను చూస్తేనే తెలుస్తుంది.

మొన్న సంక్రాంతికి మా చేతిలోని కాఫీ గ్లాసు దానిమీద వొలికింది. విప్పక తప్పలేదు. పైపెట్టె విప్పడానికే 5.5 మిల్లీమీటర్ల సన్నని నట్టు డ్రైవరు కావాలి. అటుపైన మిగిలిన రివెట్ల తలలన్నీ వులితో తెగగొట్టి, ఒక్కొక్క రంధ్రం తొలిచి, చిన్న బోల్టులు బిగించాలి. మా అబ్బాయి పారవేయమన్నాడు. కోడలు మాత్రం, "పగటిపూట కొట్టుకుంటారు లెండి మామయ్యగారూ, చేయించండి," అన్నది.

ఆదివారాలు కూర్చుని తొలుస్తున్నాం. మనుమరాలు విప్పిన మీటలను రంగుల వారీగా పళ్ళెంలో పేరుస్తున్నది. బోల్టులు యింకా పందొమ్మిది మిగిలాయి.