ఆరేళ్ల ఫోన్‌కి పార్ట్స్ దొరకవు, అరవై ఏళ్ల మస్టాంగ్‌కి దొరుకుతాయి: ఏది కొనాలి, ఏది ముందు మార్చాలి?

పోయిన నెల నా పాత ఫోన్‌కి బ్యాటరీ వేయిద్దామని మూడు షాపులు తిరిగాను. ముగ్గురిదీ ఒకటే మాట: "ఈ మోడల్‌కి ఇప్పుడు రాదండీ". ఆ ఫోన్ వయసు ఆరేళ్లే. అదే వారంలో మా గ్యారేజ్‌లో ఉన్న 1966 ఫోర్డ్ మస్టాంగ్‌కి డోర్ హ్యాండిల్ ఆర్డర్ పెడితే, కొత్తది, ప్యాకెట్‌లో, రెండు రోజుల్లో ఇంటికొచ్చేసింది.

మా సైట్‌లో ఎక్కువగా ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించే రాస్తాం. కానీ డల్లాస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుర్రాళ్లలో పాత అమెరికన్ కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కొందరు ఉన్నారు, వాళ్లలో నేనొకణ్ని. రెండేళ్లుగా ఈ బండితో కుస్తీ పడుతూ నేర్చుకున్నది ఒక్కచోట పెడుతున్నాను. అందులో నా ప్రాణం మీదకు తెచ్చిన ఒక పొరపాటు కూడా ఉంది.

మస్టాంగే ఎందుకు?

ఫోర్డ్ ఈ కారును 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో విడుదల చేసింది. ప్రారంభ ధర 2,368 డాలర్లు. రెండేళ్లు తిరక్కముందే పది లక్షల కార్లు అమ్ముడయ్యాయి. ఎక్కువమంది దగ్గర ఉన్న ఫోన్‌కి కవర్లు, గ్లాసులు ఎక్కువ దొరికినట్టే, ఎక్కువ అమ్ముడైన కారుకి పార్ట్స్ కూడా ఎక్కువ. పైగా ఇది ఫోర్డ్ ఫాల్కన్ అనే మామూలు కారు మీద కట్టినది. లోపలి భాగాల్లో చాలావరకు ఫాల్కన్‌వి, మెర్క్యురీ కామెట్‌వి కూడా సరిపోతాయి. ఇప్పుడు దీనికి బాడీ మొత్తాన్ని, అంటే పూర్తి రేకు షెల్‌ని కూడా కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు.

అంటే పార్ట్ దొరకడం సమస్య కాదు. మన బండికి ఏ పార్ట్ పడుతుందో తెలియడం, దేన్ని ముందు మార్చాలో తేల్చుకోవడం, ఈ రెండే అసలు సమస్యలు.

ముందు మోడల్ నంబర్ చదవండి

ఫోన్‌కి డిస్‌ప్లే కొనేముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి మోడల్ నంబర్ చూస్తాం కదా, ఇక్కడ ఆ పని విన్ నంబర్ చేస్తుంది. బానెట్ ఎత్తితే డ్రైవర్ వైపు లోపలి ఫెండర్ రేకు మీద కొట్టి ఉంటుంది. నా బండిది 6ఎఫ్07సీ అని మొదలవుతుంది. 6 అంటే 1966 మోడల్. ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ (ఆర్ అయితే శాన్ హోజే, టీ అయితే మెటచెన్). 07 అంటే కూపే, 08 అయితే కన్వర్టబుల్, 09 అయితే ఫాస్ట్‌బ్యాక్. ఐదో అక్షరం ఇంజిన్‌ది: టీ అంటే 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్లు, సీ అంటే రెండు బ్యారెల్ కార్బ్యురేటర్ ఉన్న 289 వి8, ఏ అంటే నాలుగు బ్యారెల్‌ది, కె అంటే అందరూ వెతికే 271 హార్స్‌పవర్ హై పెర్ఫార్మెన్స్ ఇంజిన్.

ఈ ఐదో అక్షరమే మీ డబ్బు కాపాడుతుంది. ఆరు సిలిండర్ల బండ్లలో తర్వాత వి8 దించి, "ఒరిజినల్ వి8" అని అమ్మేవాళ్లు ఉంటారు. వాళ్ల మాట పక్కన పెట్టి చక్రం చూడండి. ఆరు సిలిండర్ల కారుకి చక్రానికి నాలుగు బోల్టులు, వి8కి ఐదు. ఇంజిన్ మాత్రమే మార్చి బ్రేకులు, స్ప్రింగులు, వెనక యాక్సిల్ పాతవే వదిలేసిన బండి అయితే, లోడ్ పెరిగింది కానీ ఆపే శక్తి పెరగలేదని అర్థం.

పార్ట్ మీద ఉండే నంబర్లు కూడా చదవొచ్చు. సీ5జెడ్‌జెడ్ అని మొదలైతే: సీ అంటే 1960ల దశకం, 5 అంటే 1965, తర్వాతి జెడ్ అంటే మస్టాంగ్. పోత పోసిన భాగాల మీద తేదీ కూడా ఉంటుంది. 5కె12 అంటే 1965 అక్టోబర్ 12. జనవరికి ఏ నుంచి మొదలై, ఐ అక్షరాన్ని వదిలేస్తారు కాబట్టి అక్టోబర్‌కి కె వస్తుంది. ఆన్‌లైన్‌లో పేరుతో కాకుండా ఈ నంబర్‌తో వెతకండి, తప్పు పార్ట్ వచ్చి తిరిగి పంపే తలనొప్పి సగానికి తగ్గుతుంది.

మూడు రకాల పార్ట్స్: ఏది ఎప్పుడు?

ఎన్ఓఎస్: అప్పట్లో ఫోర్డ్ తయారుచేసి, అమ్ముడుపోకుండా పెట్టెలోనే మిగిలినవి. ధర ఎక్కువ. బ్యాడ్జీలు, క్రోమ్, లోపలి ట్రిమ్ లాంటివాటికి ఇదే బెస్ట్. కానీ రబ్బరు ఉన్నది ఏదీ ఎన్ఓఎస్ కొనొద్దు. పెట్టె తెరవకపోయినా లోపలి రబ్బరుకి అరవై ఏళ్లు వచ్చేశాయి. బ్రేక్ హోస్, ఫ్యూయల్ హోస్, సీళ్లు ఎప్పుడూ కొత్తగా తయారైనవే తీసుకోండి.

రీప్రొడక్షన్: ఇప్పుడు కొత్తగా తయారుచేసేవి. పెన్సిల్వేనియాలోని సీజే పోనీ పార్ట్స్, ఫ్లోరిడాలోని నేషనల్ పార్ట్స్ డిపో లాంటి షాపుల్లో దాదాపు అన్నీ ఉంటాయి. నాణ్యత మాత్రం ఒకేలా ఉండదు. రేకులు కొన్నప్పుడు పెయింట్ వేయకముందే బండికి పెట్టి గ్యాప్ చూసుకోవాలి. పెయింట్ వేశాక షాపువాడు వెనక్కి తీసుకోడు.

వాడినవి: జంక్‌యార్డ్‌లు, పాత కార్ల సంతలు, హెమ్మింగ్స్, ఈబే. బ్రాకెట్లు, పెడల్స్, యాక్సిల్ లాంటి ఇనుప సామానుకి ఇవే మేలు. "మస్టాంగ్ పార్ట్" అని రాస్తే ఒక రేటు, అదే "ఫాల్కన్ పార్ట్" అంటే తక్కువ రేటు చెప్పేవాళ్లు ఉన్నారు. రెండు పేర్లతోనూ వెతకండి.

వాటర్ పంప్, స్టార్టర్ లాంటి మామూలు సామానుకి రాక్‌ఆటో చాలు. అక్కడ ధర పక్కన "కోర్ చార్జ్" కనిపిస్తే భయపడకండి. పాత పార్ట్ తిరిగి పంపితే ఆ డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు.

పెయింట్ చూసి పడిపోవద్దు

ఈ కారు అసలు రోగం తుప్పు, అది కూడా కనిపించని చోట. ముందు అద్దం కింద, గాలి లోపలికి వచ్చే జాలీ ఉంటుంది. దాని కింది రేకుల పెట్టెలో ఆకులు, మట్టి చేరి తడి ఆరక లోపలి నుంచి తినేస్తుంది. కొనేముందు ఒక చెంబెడు నీళ్లు ఆ జాలీలో పోసి, డాష్‌బోర్డ్ కింద తల పెట్టి చూడండి. నీళ్లు లోపలికి కారితే ఆ రేకుల పెట్టె పోయినట్టే. దాన్ని బాగుచేయాలంటే పదుల కొద్దీ వెల్డింగ్ చుక్కలు డ్రిల్ చేసి విప్పాలి. ఇంజిన్ పాడైనా పర్వాలేదు, తెచ్చి దించుకోవచ్చు. రేకు పోయిన బండి మాత్రం పర్సు ఖాళీ చేస్తుంది.

నేను చేసిన పొరపాటు

ఇక అసలు కథ. గ్యాడ్జెట్ బుర్ర కదా, బండి రాగానే నేను చేసిన మొదటి పని కార్బ్యురేటర్ పీకి ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ కిట్ పెట్టడం. చిన్న టచ్‌స్క్రీన్, దాని మీద గాలి-ఇంధనం నిష్పత్తి, ఉష్ణోగ్రత అన్నీ లైవ్‌లో! ఖర్చు వెయ్యి డాలర్లు దాటింది. ఫోన్‌లో వీడియో చూపిస్తే విజయవాడ నుంచి మా నాన్న ఒక్కటే అడిగారు: "బ్రేకులు చూపించావురా?" "బానే ఉన్నాయి నాన్నా" అన్నాను.

మూడో వారం, ఇంటి దగ్గర సర్వీస్ రోడ్డు. సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కితే పెడల్ నేల దాకా వెళ్లిపోయింది. రెండోసారి తొక్కినా అంతే. గేర్ కిందకి లాగి, డాష్ కింద ఉండే హ్యాండ్‌బ్రేక్ గుంజి, బండిని ఒక షాపింగ్ సెంటర్ అంచు రాయికి ఆనించి ఆపాను. ఎదురుగా ఒక అమ్మాయి స్ట్రోలర్ తోసుకుంటూ వెళ్తోంది. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోలేదు.

పగిలింది వెనక యాక్సిల్ దగ్గరి రబ్బరు హోస్ ఒక్కటి. కొత్తది ఇరవై డాలర్లు కూడా కాదు. కానీ 1966 దాకా మస్టాంగ్‌లో మాస్టర్ సిలిండర్‌కి ఒకటే గది. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1967 మోడల్ నుంచి రెండు గదులు వచ్చాయి, ముందువి పోయినా వెనకవి పనిచేస్తాయి. నా టచ్‌స్క్రీన్ మీద మాత్రం ఆ క్షణంలోనూ అన్ని రీడింగులూ పచ్చగానే ఉన్నాయి.

అప్‌గ్రేడ్ ఏ వరుసలో?

1. బ్రేకులు, టైర్లు. రబ్బరు హోస్‌లు మూడూ మార్చండి, రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టండి. నాలుగూ డ్రమ్ములే ఉంచేట్టయితే 1967 డ్రమ్ బ్రేక్ మస్టాంగ్‌ది సరిపోతుంది. ముందు డిస్క్‌లు పెడితే మాస్టర్ సిలిండర్ కూడా డిస్క్‌లకి తగ్గదే కావాలి, లేకపోతే ప్యాడ్లు డిస్క్‌ని పట్టుకునే ఉంటాయి. కొన్ని కిట్లు పాత 14 అంగుళాల చక్రాల్లో పట్టవు, కొనేముందే అడగండి. టైరు పక్కన డీఓటీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు వారం, సంవత్సరం. గాడి బాగున్నా, వయసైపోయిన టైరు వద్దు.

2. వైరింగ్. ఈ కారులో హెడ్‌లైట్ కరెంట్ అంతా డాష్‌బోర్డ్ స్విచ్ గుండానే పోతుంది. రిలేలు పెడితే స్విచ్ వేడెక్కదు, లైటు కూడా పెరుగుతుంది. ఒరిజినల్ ఆల్టర్నేటర్ ఇచ్చేది సుమారు 40 ఆంపియర్లే. పెద్దది పెడితే దాని చార్జింగ్ వైరు కూడా లావుది వేయాలి.

3. ఇగ్నిషన్. పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టడం గంట పని. డబ్బుకి తగ్గ ఫలితం కనిపించే అప్‌గ్రేడ్ ఇదే. ఇంజిన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేస్తే కొన్ని మాడ్యూళ్లు కాలిపోతాయి, గుర్తుంచుకోండి. పాత పాయింట్లు గ్లవ్ బాక్స్‌లో పడేసి ఉంచండి, దారిలో ఆగితే అవే ఇంటికి చేరుస్తాయి.

4. ఆ తర్వాతే ఫ్యూయల్ ఇంజెక్షన్. పాత మెకానికల్ పంప్ ఇచ్చే ఒత్తిడి 5-6 పీఎస్ఐ. ఇంజెక్షన్ కిట్లకి సాధారణంగా 58 దాకా కావాలి. అంటే పంప్, పైపులు, హోస్‌లు అన్నీ మారాలి. కిట్ ధర చూసి బడ్జెట్ వేసుకుంటే దెబ్బతింటారు.

5. హైవే ఎక్కువ తిరిగేవాళ్లకి గేర్‌బాక్స్. మూడు గేర్ల సీ4 ఆటోమేటిక్‌లో టాప్ గేర్ కూడా 1:1 నిష్పత్తే, ఓవర్‌డ్రైవ్ లేదు. 1980ల మస్టాంగ్ 5.0లో వచ్చిన ఐదు గేర్ల టీ5 పెడితే ఇంజిన్ ప్రశాంతంగా తిరుగుతుంది. క్లచ్, పెడల్స్ కూడా పెట్టాలి కాబట్టి ఇది చివర్లో చేసే పని.

మా మాట

తీసిన ఒరిజినల్ పార్ట్ ఏదీ పారేయకండి. సంచిలో వేసి, చీటీ రాసి అటక మీద పెట్టండి. బాడీకి కొత్త రంధ్రం పడే అప్‌గ్రేడ్ అయితే రెండుసార్లు ఆలోచించండి. రేపు అమ్మాలన్నా, పాత పద్ధతికి తిరిగి వెళ్లాలన్నా ఆ సంచే విలువ.

ఇంజెక్షన్ కిట్ నా బండిలో ఇప్పటికీ ఉంది, బ్రహ్మాండంగా పనిచేస్తోంది. కానీ ఎవరైనా బానెట్ ఎత్తమంటే, నేను ముందు చూపించేది దాన్ని కాదు. ఫైర్‌వాల్ మీద ఉన్న ఆ రెండు గదుల మాస్టర్ సిలిండర్‌ని.