ఫరోఖ్ బుల్సారా.. ఫ్రెడ్డీ మెర్క్యురీ ఎలా అయ్యాడు? పంచగని హాస్టల్ నుంచి వెంబ్లీ స్టేడియం దాకా ఓ పార్సీ కుర్రాడి ప్రయాణం

క్రికెట్ స్టేడియంలో మ్యాచ్ మంచి ఊపులో ఉన్నప్పుడు స్పీకర్లలో ఒక దరువు వినిపిస్తుంది. నేల మీద కాలితో రెండు దెబ్బలు, ఆ వెంటనే ఒక చప్పట్ల మోత. 'వి విల్ రాక్ యు' అనే ఆ పాట 1977లో వచ్చింది. బ్రిటన్‌కు చెందిన క్వీన్ బ్యాండ్ పాట అది. ఇంగ్లిష్ పాటలు పెద్దగా విననివాళ్లకు కూడా ఆ దరువు తెలుసు. కానీ ఆ గొంతు ఎవరిదో, ఆయన మూలాలు ఎక్కడివో మాత్రం చాలామందికి తెలియదు.

ఆ గొంతు ఫ్రెడ్డీ మెర్క్యురీది. అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. తల్లిదండ్రులు గుజరాత్ మూలాలున్న పార్సీలు. చదువుకున్నది మహారాష్ట్రలో. మరి ఫరోఖ్ కాస్తా ఫ్రెడ్డీ ఎలా అయ్యాడు? స్టార్ కావడానికి ఎన్నేళ్లు పట్టింది? వివరాల్లోకి వెళ్దాం.

జాంజిబార్‌లో పుట్టి.. పంచగనికి

ఫరోఖ్ 1946 సెప్టెంబర్ 5న జాంజిబార్‌లోని స్టోన్ టౌన్‌లో పుట్టాడు. తూర్పు ఆఫ్రికా తీరంలోని ఈ దీవి ఇప్పుడు టాంజానియాలో భాగం. అప్పట్లో బ్రిటిష్ రక్షణలో ఉన్న సుల్తాన్ రాజ్యం. తండ్రి బోమి అక్కడి బ్రిటిష్ ప్రభుత్వ ఆఫీసులో క్యాషియర్. తల్లి జెర్. చెల్లెలు కాశ్మీరా. ఇంటిపేరు బుల్సారా అనేది గుజరాత్‌లోని బుల్సార్ అనే ఊరి నుంచి వచ్చింది. ఆ ఊరినే ఇప్పుడు వల్సాడ్ అంటున్నారు.

ఎనిమిదేళ్ల వయసులో ఫరోఖ్‌ను ఓడ ఎక్కించి ఇండియాకు పంపారు. బొంబాయికి దూరంగా, సతారా జిల్లా కొండల మీద ఉన్న పంచగనిలోని సెయింట్ పీటర్స్ బోర్డింగ్ స్కూల్లో చేర్పించారు. సెలవులొస్తే బొంబాయిలోని బంధువుల ఇంటికి వెళ్లేవాడు. అమ్మానాన్నలు మాత్రం సముద్రం అవతల. హాస్టల్లో పెరిగిన పిల్లలకు ఆ ఒంటరితనం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఫ్రెడ్డీ అనే పేరు ఆ స్కూల్లోనే వచ్చింది. ఫ్రెండ్స్ అలా పిలిస్తే, ఇంట్లోవాళ్లు కూడా అదే పేరుకు అలవాటు పడ్డారు. స్కూల్లో ఇంకో ముద్దుపేరు కూడా ఉండేది. ముందుకు పొడుచుకొచ్చిన పళ్లను చూసి ఏడిపిస్తూ పెట్టింది అది. నోట్లో వెనకవైపు నాలుగు పళ్లు ఎక్కువ ఉండటంతో ముందు పళ్లు బయటకు వచ్చాయి. తర్వాత డబ్బు, పేరు వచ్చాక కూడా వాటిని సరిచేయించుకోలేదు. గొంతు ఎక్కడ మారిపోతుందోనన్న భయమే కారణం.

తొలి బ్యాండ్‌లో మెయిన్ సింగర్ కాదు!

ఫరోఖ్‌లోని సంగీతాన్ని ముందు గుర్తించింది స్కూలే. హెడ్‌మాస్టర్ తల్లిదండ్రులకు ఉత్తరం రాసి, అబ్బాయికి సంగీతం నేర్పించమని సలహా ఇచ్చారు. వాళ్లు అదనపు ఫీజు కట్టి పియానో క్లాసుల్లో చేర్పించారు. 1958 ప్రాంతంలో ఐదుగురు కుర్రాళ్లు కలిసి 'ది హెక్టిక్స్' అనే స్కూల్ బ్యాండ్ పెట్టారు. క్లిఫ్ రిచర్డ్, లిటిల్ రిచర్డ్ లాంటివాళ్ల పాటలు వాయించేవాళ్లు. ఇక్కడో విశేషం. ఆ బ్యాండ్‌లో ముందు నిలబడి పాడింది ఫరోఖ్ కాదు. అతను పియానో దగ్గర కూర్చునేవాడు.

రాత్రికి రాత్రి తారుమారు

1963లో ఫరోఖ్ జాంజిబార్ తిరిగి వెళ్లాడు. అదే ఏడాది డిసెంబర్ 10న ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. నెల తిరిగేసరికి, అంటే 1964 జనవరి 12న, తిరుగుబాటు జరిగింది. సుల్తాన్ ప్రభుత్వం కూలిపోయింది. అరబ్బులు, భారతీయ మూలాలున్నవాళ్లపై దాడులు జరిగాయి. వేల మంది ప్రాణాలు కోల్పోయారు. బుల్సారా కుటుంబం ఉన్న ఊరు వదిలి ఇంగ్లండ్ చేరింది. లండన్ హీత్రూ ఎయిర్‌పోర్ట్‌కు దగ్గర్లోని ఫెల్తామ్‌లో ఓ చిన్న ఇంట్లో జీవితం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

అప్పటికి ఫ్రెడ్డీకి 17 ఏళ్లు. సెలవుల్లో హీత్రూలో క్యాటరింగ్ పని, గోదాముల్లో పని చేశాడు. ఓ పక్క చదువు సాగించి ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో చేరాడు. 1969లో గ్రాఫిక్ డిజైన్ కోర్సు పూర్తిచేశాడు. ది హూ బ్యాండ్ గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ కూడా అంతకుముందు అక్కడే చదివారు. గిటార్ మాంత్రికుడు జిమీ హెండ్రిక్స్ అంటే ఫ్రెడ్డీకి పిచ్చి అభిమానం.

పాత బట్టల దుకాణం.. ఫెయిలైన బ్యాండ్లు

డిప్లొమా చేతికొచ్చినా ఫ్రెడ్డీ మనసు పాట మీదే ఉంది. 1969లో ఐబెక్స్ అనే బ్యాండ్‌లో చేరాడు. దాని పేరు తర్వాత రెకేజ్‌గా మారింది. ఎక్కువ రోజులు నిలబడలేదు. తర్వాత సోర్ మిల్క్ సీ అనే ఇంకో బ్యాండ్. అదీ అంతే. బతకడానికి లండన్‌లోని కెన్సింగ్టన్ మార్కెట్‌లో ఓ చిన్న స్టాల్‌లో పాత ఫ్యాషన్ బట్టలు అమ్మేవాడు. స్టాల్‌లో భాగస్వామి రోజర్ టేలర్.

ఈ రోజర్ ఎవరంటే.. దంతవైద్యం చదవడానికి లండన్ వచ్చి, స్మైల్ అనే బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించే కుర్రాడు. అందులో గిటారిస్ట్ బ్రయాన్ మే ఇంపీరియల్ కాలేజీలో ఫిజిక్స్ స్టూడెంట్. తండ్రితో కలిసి ఇంట్లోనే సొంతంగా గిటార్ తయారు చేసుకున్న ఘనుడు. ఇక స్మైల్ సింగర్ టిమ్ స్టాఫెల్ ఈలింగ్ కాలేజీలో ఫ్రెడ్డీ ఫ్రెండ్. అలా పరిచయమైన ఫ్రెడ్డీ వాళ్ల షోలకు వెళ్లి, స్టేజ్ మీద ఎలా ఉండాలో, ఏం వేసుకోవాలో సలహాలు ఇస్తుండేవాడు.

1970లో టిమ్ బ్యాండ్ వదిలేశాడు. ఆ ఖాళీలోకి ఫ్రెడ్డీ వచ్చాడు. బ్యాండ్‌కు 'క్వీన్' అని పేరు పెట్టింది కూడా అతనే.

పేరు మార్పు వెనక

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫరోఖ్ బుల్సారా తన ఇంటిపేరును మెర్క్యురీగా మార్చుకున్నారు. మెర్క్యురీ అంటే రోమన్ల పురాణాల్లో దేవతల దూత. మన లెక్కలో బుధ గ్రహం. గ్రాఫిక్ డిజైన్ చదువు కూడా ఇక్కడ పనికొచ్చింది. బ్యాండ్ చిహ్నాన్ని ఆయనే గీశారు. నలుగురు సభ్యుల రాశులు అందులో ఉన్నాయి. ఇద్దరు సింహరాశి వాళ్లకు రెండు సింహాలు, బ్రయాన్‌ది కర్కాటకం కాబట్టి ఒక ఎండ్రకాయ, తనది కన్యారాశి కాబట్టి ఇద్దరు దేవకన్యలు.

పేరు మార్చుకోవడాన్ని సినిమావాళ్ల స్క్రీన్ నేమ్‌లా మాత్రమే చూస్తే సరిపోదు. అప్పటి బ్రిటన్ పరిస్థితి కూడా చూడాలి. 1968 ఏప్రిల్‌లో ఎంపీ ఈనాక్ పోవెల్ వలస వచ్చినవాళ్లకు వ్యతిరేకంగా చేసిన ప్రసంగం దేశాన్ని ఊపేసింది. అదే ఏడాది తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చే ఆసియా వాళ్లను అడ్డుకునేలా చట్టం కూడా చేశారు. వీధుల్లో దక్షిణాసియా వాళ్లపై దాడులు జరిగేవి. రాక్ స్టేజ్ మీద మన మొహాలు దాదాపు లేవు. అలాంటి చోట బుల్సారా అనే పేరుతో నిలదొక్కుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు. స్టార్ అయ్యాక కూడా ఇంటర్వ్యూల్లో ఆయన పంచగని, జాంజిబార్ గురించి మాట్లాడింది చాలా తక్కువ.

హిట్ కోసం ఎదురుచూపులు

1971లో బాస్ గిటారిస్ట్ జాన్ డీకన్ రాకతో టీమ్ పూర్తయింది. అయినా అవకాశాలు ఊరికే రాలేదు. ఓ కొత్త స్టూడియోలో పరికరాలను టెస్ట్ చేసి పెడితే, బదులుగా ఫ్రీగా కొన్ని పాటలు రికార్డ్ చేసుకోనిచ్చారు. ఫస్ట్ ఆల్బమ్‌ను ట్రైడెంట్ స్టూడియోలో పెద్ద ఆర్టిస్టులు లేని ఖాళీ సమయాల్లో రికార్డ్ చేశారు. 1973 జులైలో అది వచ్చింది. అందులోంచి వదిలిన తొలి సింగిల్‌ చార్ట్‌లోకే ఎక్కలేదు.

1974 మొదట్లో బీబీసీ టీవీ షో 'టాప్ ఆఫ్ ద పాప్స్'లో అనుకోకుండా ఛాన్స్ తగిలింది. ఆ దెబ్బకు 'సెవెన్ సీస్ ఆఫ్ రై' పాట టాప్ 10లోకి చేరింది. అదే ఏడాది 'కిల్లర్ క్వీన్' బ్రిటన్ చార్ట్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. స్కూల్ బ్యాండ్ పెట్టిన దగ్గర్నుంచి లెక్కేస్తే 16 ఏళ్లు పట్టిందన్నమాట.

ఇక 1975లో 'బొహీమియన్ రాప్సడీ'. నిడివి దాదాపు 6 నిమిషాలు. రేడియోలు మూడు నిమిషాల పాటలు వేసే కాలమది. ఇంత పొడుగు పాట ఎవరు వేస్తారని సొంత మనుషులే సందేహించారు. పాటను కట్ చేయడానికి బ్యాండ్ ఒప్పుకోలేదు. డీజే కెన్నీ ఎవరెట్ ఒకే వారాంతంలో దాన్ని పదే పదే వేయడంతో జనం షాపుల మీద పడ్డారు. 9 వారాలు నంబర్ వన్‌గా నిలిచింది.

పేరు మారినా..

1985 జులై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో లైవ్ ఎయిడ్ కచేరీ. ఇథియోపియా కరువు బాధితుల కోసం జరిగిన షో అది. సుమారు 72 వేల మంది ముందు క్వీన్ చేసిన 20 నిమిషాల ప్రదర్శనను రాక్ చరిత్రలోనే గొప్పదిగా చెబుతారు. హెక్టిక్స్‌లో పియానో వెనక కూర్చున్న కుర్రాడు ఆ రోజు ఒక్క చేతి సైగతో స్టేడియం మొత్తాన్ని పాడించారు.

1991 నవంబర్ 23న తనకు ఎయిడ్స్ ఉందని ఫ్రెడ్డీ ప్రకటించారు. మర్నాడే, 45 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 2018లో వచ్చిన 'బొహీమియన్ రాప్సడీ' సినిమాలో ఆయన పాత్ర వేసిన రామీ మాలెక్‌కు ఉత్తమ నటుడిగా ఆస్కార్ దక్కింది. ఫెల్తామ్‌లో ఆయన ఉన్న ఇంటికి 2016లో స్మారక ఫలకం పెట్టారు.

అంతిమ సంస్కారాలు లండన్‌లో జరిగాయి. ప్రపంచానికి మెర్క్యురీగా తెలిసిన ఆ మనిషికి ప్రార్థనలు చదివింది జొరాస్ట్రియన్ పూజారులు. బోమి, జెర్ దంపతుల కొడుకును పార్సీ పద్ధతిలోనే సాగనంపారు.